పురుడు, బాలింత రోజులు: శ్రీకాకుళం, విజయనగరం తల్లుల అనుభవాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నెలలు నిండుతున్న అమ్మాయిలు పెద్దవాళ్లను అడగడానికి మొహమాటపడే ప్రశ్నలూ, డాక్టరు గదిలో వరుస వెనక వరుసగా జనం నిలబడి ఉన్నప్పుడు అడగలేకపోయే ప్రశ్నలూ ఇక్కడ ఉన్నాయి. జవాబుల్లో కొంత మా వైపు తల్లులు తమ కాన్పుల గురించి చెప్పుకొనే మాట, కొంత వైద్యం తేల్చిన మాట. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో దాచకుండా రాశాను. నావి రెండు కాన్పులు. మొదటిది మామూలుగా, రెండవది ఆపరేషన్‌తో జరిగాయి. బిడ్డ కేరుమన్న క్షణం నుంచి ఇంటిల్లిపాది చూపూ బిడ్డ మీదికి మళ్లుతుంది, కన్న మనిషి ఎలా ఉందని అడిగేవాళ్లు తగ్గిపోతారు. ఈ జవాబులన్నీ ఆ కన్న మనిషిని దృష్టిలో పెట్టుకొని రాసినవి.

ఇతరుల కాన్పు కబుర్లు వింటే భయం పెరగదా?

సగంలో ఆపేసిన కబురు భయం పెంచుతుంది. "చచ్చి బతికాననుకో" అని ఒక పిన్ని చెప్పి అంతటితో లేచి వెళ్లిపోతే, వినే కడుపుతో ఉన్న అమ్మాయికి ఆ ఒక్క మాటే రాత్రంతా చెవిలో మోగుతుంది. అదే పిన్నిని కూర్చోబెట్టి, నొప్పులు ఎంతసేపు వచ్చాయి, మధ్యలో ఊపిరి తీసుకొనే వ్యవధి దొరికిందా, పక్కన ఎవరున్నారు, ఏ సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించింది అని అడిగితే చాలా భయాలు వాటంతటవే విడిపోతాయి. అయితే ఒకే తల్లికి పుట్టిన అక్కచెల్లెళ్ల కాన్పులు కూడా ఒకలా జరగవు. "మా అప్పకు రెండు గంటల్లో అయిపోయింది, నాకెందుకు తెల్లారిపోయింది" అని బాధపడే అమ్మాయి తప్పేమీ చేయలేదు. వినండి, కానీ మరొకరి పురుటితో మీ పురుడును కొలుచుకోకండి.

నొప్పులు నిజమైనవో కావో ఎలా తెలుస్తుంది? ఎప్పుడు బయలుదేరాలి?

ఉత్తుత్తి నొప్పులు లేచి నాలుగడుగులు నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా తగ్గిపోతాయి. పురిటి నొప్పులు అలా తగ్గవు. నడుములో మొదలై పొత్తికడుపులోకి దిగుతాయి, కడుపు రాయిలా గట్టిపడి మళ్లీ వదులవుతుంది, సమయం గడిచేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. జిగురులో కలిసిన కొద్దిపాటి రక్తం కనిపించడం మామూలే. ఉమ్మనీరు పోయినా, ఆ నీరు పచ్చగానో ముదురు రంగులోనో ఉన్నా, రక్తం ధారగా వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా, తలపోటుతో కళ్లు మసకబారినా నొప్పుల కోసం ఎదురుచూడకుండా 108కు ఫోన్ చేసి బయలుదేరాలి.

మన జిల్లాల్లో దూరం కూడా ఒక లెక్క. ఏరు దాటాల్సిన ఊళ్లలో, కొండ మీది ఊళ్లలో ఉన్నవాళ్లు నొప్పులు వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సాలూరులో కొండ గ్రామాల గర్భిణుల కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వసతి గృహం ఏర్పాటు చేసింది. నెలలు నిండకముందే కిందికి దిగి అక్కడ ఉంటే డోలీలో మోసుకురావలసిన పరిస్థితి తప్పుతుంది. తీరం వెంబడి ఉన్నవాళ్లు అక్టోబరు, నవంబరు నెలల్లో కాన్పు తేదీ పడితే తుపాను హెచ్చరికను పట్టించుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు. హెచ్చరిక వినగానే ఆసుపత్రికి దగ్గరలో ఉన్న బంధువుల ఇంటికి చేరడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

ప్రసవ గదిలో ఎంతసేపు పడుతుంది? తోడు ఉండనిస్తారా?

తొలి చూలుకు ఎక్కువ సమయం పడుతుంది. గర్భాశయ ముఖద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర నుంచి తొలి కాన్పులో పన్నెండు గంటల వరకూ, తర్వాతి కాన్పుల్లో పది గంటల వరకూ పట్టడం మామూలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంతకు ముందు నెమ్మదిగా వచ్చిపోయే నొప్పులు ఈ లెక్కలోకి రావు. కాబట్టి "పొద్దున్న వెళ్లింది, ఇంకా కాలేదంట" అని గుమ్మంలో కంగారుపడే బంధువులు ఆ కంగారును లోపలికి చేరనివ్వకపోవడమే ఆ అమ్మాయికి పెద్ద సాయం. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నంతవరకూ నడవవచ్చు, పక్కకు తిరిగి పడుకోవచ్చు, మంచినీళ్లు తాగవచ్చు.

తోడు విషయం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. కాన్పు అనుభవం ఉన్న ఒక ఆడమనిషి పక్కన ఉంటే నొప్పిని తట్టుకోవడం తేలికవుతుందనీ, ఆపరేషన్ల అవసరం కూడా తగ్గుతుందనీ పరిశోధనలు చూపాయి; ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సహాయకురాలిని అనుమతించాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, ప్రసవ గదుల నాణ్యత కోసం 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమంలోనూ ఇది ఒక భాగం. అయినా చాలాచోట్ల తోడును గుమ్మం దగ్గరే ఆపేస్తారు. నెలవారీ పరీక్షకు వెళ్లినప్పుడే అడిగి పెట్టుకోండి. అమ్మో, అత్తో, వదినో, ఎవరు వచ్చినా తమ భయాన్ని బయటే వదిలి రాగలిగిన మనిషి అయి ఉండాలి.

మా వైపు తల్లులు కాన్పు నొప్పిని మరిచిపోయినా మరవలేని సంగతి ఒకటుంది. అది మాట. "అప్పుడు తెలియలేదా" అని మంచం మీద పడుకోబెట్టి అనే మాట పదేళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది. నా మొదటి కాన్పులో ఒక ఆయమ్మ కసిరింది. ఆ పక్కనే ఉన్న నర్సమ్మ నా చెయ్యి పట్టుకొని, "ఇదిగో ఈ నొప్పి వెళ్లిపోతోంది, ఊపిరి వదులు తల్లీ" అని ప్రతి నొప్పికీ అదే గొంతుతో చెప్పింది. కసురు ఎందుకు వచ్చిందో ఇప్పుడు గుర్తులేదు గానీ ఆ అరచేతి వెచ్చదనం గుర్తుంది. కేకలు వేయడం, కొట్టడం, అవమానించడం వైద్యంలో భాగం కావు. ప్రతి తొలి చూలుకూ కోత కోసి కుట్లు వేయడం, బిడ్డ దిగడానికి పైనుంచి పొట్టను గట్టిగా నొక్కడం కూడా సిఫారసు చేసిన పద్ధతులు కావు. ఏదైనా చేసే ముందు ఎందుకు చేస్తున్నారని అడగడం మీ హక్కు.

ఆపరేషన్ అయితే నేను కన్నట్టు కాదా?

ఈ ప్రశ్న అడగాల్సి రావడమే బాధాకరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఇందులో అవసరం లేనివి ఉన్నాయన్నది నిజం, అడిగి తెలుసుకోవలసిన విషయమే. కానీ ఆ ప్రశ్న ఆసుపత్రులకు వేయాల్సింది, కుట్లతో పడుకున్న తల్లికి వేయాల్సింది కాదు. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు తగ్గినా, మాయ కిందికి ఉన్నా ఆ కోతే ఇద్దరినీ బతికిస్తుంది.

నడుముకు మత్తు ఇచ్చాక కాళ్లు తిమ్మిరెక్కి చాలాసేపు మన మాట వినవు. తర్వాతి రోజు మొదటిసారి మంచం దిగడం అన్నిటికన్నా కష్టం. లేవడానికి ముందు పక్కకు ఒత్తిగిల్లి, చేత్తో మంచాన్ని నొక్కి, కాళ్లు కిందికి దించి, కొంతసేపు కూర్చొని, అప్పుడు నిలబడాలి. దగ్గు వస్తే దుప్పటిని మడిచి కుట్ల మీద అదిమిపెట్టుకోవాలి. ఎంత తొందరగా నాలుగడుగులు వేస్తే అంత తొందరగా కడుపులో గాలి కదులుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. ఆరు వారాలు బిడ్డ కన్నా బరువైనది ఎత్తకూడదు. నీళ్ల బిందె ఎవరో ఒకరు తేవాలి, ఆ ఏర్పాటు ముందే ఇంట్లో మాట్లాడుకోండి. కుట్ల చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించాలి.

కవిటి, కంచిలి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లు మరొకటి గుర్తుపెట్టుకోవాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో అందరికీ తెలిసిందే. నొప్పి మాత్రలు కొన్ని కిడ్నీలకు హాని చేస్తాయి గనుక, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే డాక్టరుకు చెప్పి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి, కిళ్లీ కొట్లో మాత్రలు కొని వేసుకోకూడదు.

ముర్రుపాలు పిండి పారేయమంటున్నారు. పాలు ఎప్పుడు పడతాయి?

పారేయకండి. పసుపుపచ్చగా, చిక్కగా, చెంచాడే వచ్చే ఆ పాలలో బిడ్డకు రోగాలను తట్టుకొనే శక్తి ఉంది. పుట్టిన గంటలోపే రొమ్ముకు పట్టించాలి, ఆపరేషన్ అయినా మత్తు దిగే వరకూ ఆగనక్కరలేదు, ఎవరైనా బిడ్డను పట్టుకొని పక్కన ఉంటే చాలు. తేనె, పంచదార నీళ్లు, ఆముదం చుక్క ఏదీ నోట్లో వేయకూడదు.

పాలు నిండుగా పడేది రెండవ రోజుకో నాలుగవ రోజుకో. ఈ మధ్య వ్యవధిలోనే ఇంట్లో డబ్బాపాలు దిగుతాయి. "దీనికి పాల్లేవు" అని ఎవరో అంటారు, తల్లి నమ్మేస్తుంది. అప్పుడు బిడ్డ పొట్ట గోలీకాయంతే ఉంటుంది, ఆ చెంచాడు పాలే దానికి సరిపోతాయి. బిడ్డ ఎంత చీకితే అంత పాలు ఊరతాయి, డబ్బాపాలు పడితే చీకడం తగ్గి పాలు కూడా తగ్గుతాయి. బిడ్డ బరువు మొదటి వారంలో కొంత తగ్గి రెండు వారాలకల్లా తిరిగి రావడం సహజం. వారం రోజుల బిడ్డ రోజుకు ఆరుసార్లకు పైగా ఒంటికి పోస్తే పాలు సరిపోతున్నట్టే.

చనుమొనలు పగిలితే కారణం చాలావరకు పట్టించే తీరులోనే ఉంటుంది. బిడ్డ నోట్లో మొన ఒక్కటే ఉంటే చర్మం చీలుతుంది. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనుకొని, గడ్డం రొమ్ముకు తగిలి, కింది పెదవి బయటికి తిరిగి, మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం ఎక్కువగా నోట్లోకి వెళ్లి ఉండాలి. సరిగ్గా పట్టుకుంటే మొదట చప్పరింపు, కాసేపటికి గుటక వినిపిస్తాయి. నొప్పిగా ఉంటే లాగేయకుండా చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి. రొమ్ములు గడ్డకట్టి సలపరం పెడితే వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి పిండి తీసేయాలి, పాలివ్వడం ఆపకూడదు. జ్వరం, ఒక చోట ఎర్రదనం కలిసి వస్తే డాక్టరుకు చూపించాలి.

పథ్యం ఎంతవరకూ పాటించాలి?

మా వైపు ఎక్కువ తగాదాలు ఇక్కడే. ఒక పక్క అమ్మమ్మ, మరో పక్క డాక్టరు, మధ్యలో ఆకలితో బాలింత.

పాత పథ్యంలో చాలా మంచి ఉంది, దాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. తెలగపిండిని మునగాకుతో కలిపి వండిన కూర, వెల్లుల్లి కారం, పాలసొర చేప పుట్టు, చోడి (రాగి) అంబలి, నువ్వులు, బెల్లం: ఇవన్నీ మాంసకృత్తులూ, ఇనుమూ, కాల్షియమూ ఇచ్చే తిండి. తీరం ఊళ్లలో బాలింతకు పాలసొర కోసం మగవాళ్లు తెల్లవారకముందే పడవల దగ్గర కాచుకోవడం ప్రేమకు తక్కువైనది కాదు. కాయం సంగతీ అంతే. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము వేయించి దంచి, బెల్లం పాకంలో నువ్వుల నూనె పోసి ముద్ద కట్టాక ఇల్లంతా వచ్చే ఆ ఘాటు వాసనతోనే చాలామందికి బాలింత రోజులు గుర్తుకొస్తాయి. ఉసిరికాయంత ముద్ద పొద్దున్న తింటే చాలామందికి పడుతుంది; కడుపులో మంట ఉన్నవాళ్లూ, రక్తపోటుకు మందులు వాడేవాళ్లూ డాక్టరును అడిగి తినాలి.

చెడు ఉన్నది నిషేధాల్లో. మంచినీళ్లు తాగితే పొట్ట వస్తుందని గ్లాసు లెక్క పెట్టడం, కూరగాయలు, పప్పు, పండ్లు, పెరుగు నెలల తరబడి మానిపించడం, ఒక్క పూట అన్నంతో సరిపెట్టడం: వీటి వల్ల మలబద్ధకం, మూత్రంలో మంట, నీరసం, పాలు తగ్గడం వస్తాయి. పాలిచ్చే తల్లికి కడుపుతో ఉన్నప్పటికన్నా ఎక్కువ తిండి కావాలి. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగాలి, కాచి చల్లార్చిన నీళ్లయితే అమ్మమ్మకూ అభ్యంతరం ఉండదు. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి. పథ్యం పేరుతో ఇవి ఆపేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

పెద్దవాళ్లతో ఎలా చెప్పాలని అడిగే కోడళ్లకు నా సలహా: "ఇది తప్పు" అనకండి, "ఇది కూడా పెట్టండత్తా" అనండి. వెల్లుల్లి కారం పక్కన పప్పు రావడానికి అదే దగ్గరి దారి.

పురిటి స్నానం, సాంబ్రాణి, నడికట్టు మంచివేనా?

ఒంటికి నూనె పట్టించి వేడినీళ్లు పోస్తే కండరాల నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది. ఆపరేషన్ అయినవాళ్లు గాయం మానేవరకూ కుట్ల మీద బిందెడు నీళ్లు ఎత్తి పోయించుకోకూడదు. సాంబ్రాణి పొగ, కుంపటి మూసిన గదిలో పెట్టడం ప్రమాదకరం. పసిబిడ్డ ఊపిరితిత్తులు ఆ పొగను తట్టుకోలేవు. నడికట్టు వదులుగా ఉంటే ఆసరాగా అనిపిస్తుంది గానీ, ఊపిరి ఆడకుండా బిగిస్తే గర్భసంచి మీద ఒత్తిడి తప్ప లాభం లేదు.

రక్తం ఎన్నాళ్లు పోతుంది? ఎప్పుడు భయపడాలి?

మొదటి కొన్ని రోజులు ఎర్రగా, తర్వాత గులాబీ, గోధుమ రంగులోకి మారి, చివరికి తెల్లగా పలచబడి నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆగుతుంది. బిడ్డ పాలు తాగుతున్నప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి రావడం, అప్పుడే కాస్త రక్తం పోవడం గర్భసంచి ముడుచుకుంటోందనడానికి గుర్తు. రెండవ, మూడవ కాన్పుల్లో ఆ నొప్పి ఎక్కువగా ఉంటుంది.

గంటకొక గుడ్డ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, కళ్లు తిరుగుతున్నా, దుర్వాసన, చలి జ్వరం ఉన్నా, తట్టుకోలేని తలపోటు వచ్చినా, ఫిట్స్ వచ్చినా, ఒక కాలు మాత్రం వాచి నొప్పి పెడుతున్నా ఒక్క గంట కూడా ఆగకూడదు. గుణం పట్టిందని తాయెత్తు కట్టించే లోపల ప్రాణం పోతుంది. తల్లుల మరణాల్లో ఎక్కువ భాగం కాన్పు తర్వాతే జరుగుతాయి, మొదటి ఇరవై నాలుగు గంటలు మరీ కీలకం. అందుకే మామూలు కాన్పు అయినా 48 గంటలు ఆసుపత్రిలోనే ఉండమంటారు. ఇంట్లో వంట ఎవరు చేస్తారన్న బెంగతో సంతకం పెట్టి వచ్చేయకండి.

బిడ్డకు వస, కాటుక, బొడ్డుకు పసుపు?

ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు, వస కూడా ఆ "మరేదీ"లోనే ఉంది. కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది. బొడ్డుకు పసుపు, బూడిద, ఆముదం రాయకుండా పొడిగా వదిలేస్తే అదే ఎండి రాలుతుంది. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకూడదు. మొదటి స్నానం ఇరవై నాలుగు గంటలు గడిచాకే. ఇరవై నాలుగు గంటల లోపలే కళ్లు పచ్చబడినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా ఎండలో పెట్టి ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండున్నర కిలోలకు తక్కువ ఉన్న బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోవడం గొప్ప వైద్యం, దాన్ని నాన్న కూడా చేయవచ్చు.

కారణం లేకుండా ఏడుపు వస్తోంది. నేను చెడ్డ తల్లినా?

కాదు. కాన్పు అయ్యాక మూడవ, నాలుగవ రోజుల్లో కళ్లనీళ్లు ఆగకుండా రావడం, చిన్న మాటకే గుండె బరువెక్కడం చాలామంది తల్లులకు జరుగుతుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం దీనికి కారణం. సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. "బాలింతవి ఏడవకూడదు, కళ్లు పోతాయి" అని నోరు మూయించడం కన్నా బిడ్డను కాసేపు ఎత్తుకొని ఆ అమ్మాయిని రెండు గంటలు పడుకోనివ్వడం మేలు.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, నేను లేకపోతేనే నయం అన్న తలపు వస్తే అది జబ్బు. మధుమేహంలాగే వైద్యం ఉన్న జబ్బు. పాలిస్తూ వాడదగిన మందులు ఉన్నాయి. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే ఎప్పుడైనా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. లేనివి వినపడుతున్నాయనో, బిడ్డను ఎవరో మార్చేశారనో అంటూ తల్లి వింతగా ప్రవర్తిస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నేను విన్న అనుభవాల్లో అందరికన్నా ఎక్కువ కాలం మౌనంగా ఉన్నవాళ్లు ఈ బాధ పడినవాళ్లే. గాలి సోకిందంటారనీ, అత్తవారింట్లో చులకనైపోతామనీ చెప్పుకోలేదు.

కన్నవారింట్లో ఎన్నాళ్లు ఉండాలి? భర్త పాత్ర ఏమిటి?

తొలి పురుడు కన్నవారింట్లో పోయడం, మూడవ నెలనో ఐదవ నెలనో పంపడం మన ఆనవాయితీ. దానికి వైద్యపరమైన లెక్క ఏదీ లేదు. తల్లికి విశ్రాంతి, తిండి, గౌరవం ఎక్కడ దొరికితే అక్కడ ఉండాలి. ఇక్కడ మగవాళ్లు చాలామంది పనుల మీద దూర ప్రాంతాలకు, వేటకు గుజరాత్ రేవులకు వెళ్తారు, కాన్పు సమయానికి ఊళ్లో ఉండరు. అలాంటి భర్త ముందే రక్తదాతను చూసిపెట్టడం, ఆసుపత్రి ఖర్చు పక్కన పెట్టడం, అవసరమైతే నిర్ణయం తీసుకోవడానికి భార్యకూ ఆమె తల్లికీ స్వేచ్ఛ ఇవ్వడం చేయాలి. ఆపరేషన్‌కు సంతకం కోసం ఫోన్ తీసేవరకూ ఎదురుచూడాల్సిన పరిస్థితి రాకూడదు. రోజూ ఫోన్ చేసినప్పుడు "పాప ఎలా ఉంది" కన్నా ముందు "నువ్వు తిన్నావా" అని అడగాలి.

ఆడపిల్ల పుట్టిందని మాటలంటున్నారు. ఏం చేయాలి?

బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి. ఈ మాట ఇంట్లో మగవాళ్లు పైకి అనాలి, బాలింత చేత అనిపించకూడదు.

బిడ్డ దక్కని తల్లితో ఎలా మాట్లాడాలి?

"మళ్లీ పుడతారులే" అనకండి. ఆ బిడ్డ గురించి అడగండి. చూసుకున్నావా, ఎత్తుకున్నావా, పేరు అనుకున్నారా అని అడిగితే ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ఆమె కూడా బాలింతే. రక్తం పోతుంది, కుట్లు నొప్పి పెడతాయి, మూడవ రోజుకు పాలు చేపుకొస్తాయి; తాగే నోరు లేని ఆ పాలు రైక తడుపుతుంటే ఆ తల్లి పడే బాధ మాటల్లో చెప్పలేను. బిగుతుగా ఉన్న లోదుస్తులు, చల్లటి గుడ్డ, డాక్టరు ఇచ్చే మందు ఉపశమనమిస్తాయి. అదే తిండి, అదే విశ్రాంతి, అవే మందులు ఆమెకూ ఇవ్వాలి. బారసాలలకు, సీమంతాలకు పిలవడం మానేయకండి, రానని అంటే ఎందుకని నిలదీయకండి.

ప్రభుత్వం నుంచి ఏమి అందుతుంది?

జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం ఉచితం. కాన్పు తర్వాత ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం 102 నంబరుతో వస్తుంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హులకు తొలి కాన్పుకు రూ.5,000, రెండవ బిడ్డ ఆడపిల్ల అయితే రూ.6,000 ఇస్తారు. ఆశా కార్యకర్త మూడవ రోజు నుంచి నలభై రెండవ రోజు వరకూ ఆరుసార్లు ఇంటికి రావాలి, రాకపోతే అడగండి. బిడ్డ పుట్టుకను 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఉద్యోగినులకు మొదటి ఇద్దరు పిల్లల వరకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు.

మళ్లీ కడుపుతో ఉన్నాను. మొదటి కాన్పు గురించి డాక్టరుకు ఏమేమి చెప్పాలి?

అన్నీ చెప్పండి. ఈ ఒక్క చోట మీ అనుభవమే మీకు మందుగా పనికొస్తుంది. మొదటిసారి రక్తం ఎక్కువగా పోయిందా, ఎక్కించారా, మాయ దానంతటదే పడిందా, చేత్తో తీశారా, రక్తపోటు గానీ ఫిట్స్ గానీ వచ్చాయా, ఎన్నో నెలలో కాన్పు అయింది, బిడ్డ బరువెంత, ఏడ్చిందా, ఆపరేషన్ ఎందుకు చేశారు, తర్వాత మనసు బాగోలేక మందులు వాడారా: వీటిలో ఏ ఒక్కటైనా ఈసారి కాన్పు ఎక్కడ జరగాలో, ఎన్ని యూనిట్ల రక్తం సిద్ధంగా ఉండాలో నిర్ణయిస్తుంది. రెండు కాన్పుల మధ్య, అంటే బిడ్డ పుట్టాక తిరిగి కడుపు నిలవడానికి, కనీసం రెండేళ్లు ఉండాలి. డిశ్చార్జి కాగితం, మాతా శిశు సంరక్షణ కార్డు పారేయకుండా ఇనప్పెట్టెలో పట్టా కాగితాల పక్కన పెట్టుకోండి. కాగితం లేకపోతే అప్పుడు మీ పక్కనున్న అమ్మనో వదిననో అడిగి గుర్తున్నంతవరకూ ఒక తెల్లకాగితం మీద రాయించుకొని మొదటి పరీక్షకే పట్టుకెళ్లండి. విజయనగరం ఘోషాసుపత్రికైనా, శ్రీకాకుళం పెద్దాసుపత్రికైనా, విశాఖ కేజీహెచ్‌కైనా ఆ కాగితం మీ వెంటే ఉండాలి.